వాలుగ దవడ

వెనక్కి పోయే బస్సంటూ ఒకటి ఉంటే
మా ఆఫీసులో సగం మంది బొబ్బిలికే టిక్కెట్టు తీస్తారు.
తెల్లారేలోగా దిగి, కోట బురుజు మీద
మంచి చోటు చూసుకుని కూర్చుంటారట.
నాకు పొగ పడదు.
ఏనుగులన్నా భయమే.

నేను పొందూరులోనే దిగుతాను,
రోజూ దిగే చోటే.
ఏ ఏటికో మాత్రం కండక్టరుకి చెప్పలేను.
మూడొందలా, తొమ్మిదొందలా,
రాసిపెట్టినవాళ్లు లేరు.

ఖాదీ సంఘంలో నూలు తూకం రాసే గుమస్తాని.
చిలపలు లెక్కపెడతాను, గ్రాములు వేస్తాను,
సంతకం రానివాళ్ల వేలు పట్టుకుని సిరాకి ఆనిస్తాను.
బొటనవేలి గీతల్ని నూలు ఎప్పుడో తినేసింది.
రిజిస్టరులో వాళ్ల ముద్ర
ఒట్టి నల్లటి చుక్క.

సూరీడమ్మ అరుగు మీద
మొదటిసారి చూశాను ఆ దవడ.
అరచేతిలో ఇమిడే ఎముక,
ఇసక అంటుకున్నట్టు సన్నటి పళ్లు.
గింజ చుట్టూ ఉన్న కొండపత్తిని దువ్వుతోంది,
పక్కన అరటి డొప్పలో ఏకులు,
ఒళ్లో నిద్రపోతున్న మనవరాలు.

"ఇది చేప పళ్లా, సూరీడమ్మా?"
"వాలుగ. గోదారి కాణ్ణుంచి తెస్తారు.
మాయమ్మా దీంతోనే, ఆళ్లమ్మా దీంతోనే."
"మొదట ఎవరికి తట్టిందో?"
దువ్వడం ఆపింది.
"ఏటో బాబూ. ఆ యమ్మ పేరు ఎవులు రాసినారు?
కడుపు నిండినాకే తట్టుంటాది.
ఆకలి మీదున్నోళ్లకి సేప సేపలాగే అగుపిస్తాది."

ఆ సాయంత్రం. అది చూడాలి నేను.
నాగావళి పొంగి తీసిన మర్నాడు కావచ్చు.
రేవు బురదలో చిక్కిన వాలుగని
మొగుడు భుజాన వేసుకొచ్చుంటాడు,
మీసాలు ఇంకా కదులుతూనే.
పొలుసు లేని ఒళ్లు, చేతికి చిక్కదు,
బూడిద పామి కోసుంటుంది.
పులుసు ఉడికింది. తిన్నారు.
మిగిలిన తల పిల్లికి విసరబోతే
కొంగు పళ్లకి తగులుకుంది.

ఇక్కడ నేను కోళ్లగూడు వెనక
దగ్గు కూడా రాకుండా నిలబడాలి.

లాక్కుంది. వచ్చేసింది.
వచ్చేసిన చోట, చిరుగు అంచున వేలాడే పోగులు
వరద పోయాక గడ్డి ఒకే వైపు వాలినట్టు
తిన్నగా పడుకున్నాయి.
ఆమె మళ్లీ తగిలించింది.
ఈసారి కావాలని.

అంతే.
పొయ్యిలో పుల్ల జారింది.
"ఎంగిలి ఎముకతో ఏటే ఆ ఆటలు" అని అత్త అరిచింది.
ఆ తిట్టు నాకు ఆ కాలపు మాటల్లోనే వినాలనుంది,
సగం అర్థం కాకపోయినా సరే.
పిల్లి ఇంకా కాచుకునే ఉంది.
ఆమె లేచి, చెయ్యి కడుక్కోకుండానే,
మూలనున్న పత్తిగంప వైపు నడిచింది.

ఇదంతా నేను అల్లిందే, ఒప్పుకుంటాను.
ఎవరో గుంట దొంగతనంగా బొమ్మజుత్తు దువ్వుకుంటూ
కనిపెట్టిందేమో.
పది దవడలు విరిగాక పదకొండోది నిలిచిందేమో.
అందుకేగా, బండి దొరకాలి.

దొరికితే ఆమెకి ఏమైనా చెబుతానా?
నీ పేరు లేదు గానీ నీ దువ్వెన ఉంది,
ఉంగరంలోంచి దూరే పంచె నీదే అని చెప్పొచ్చు.
కూలి ఎంతిస్తారని అడుగుతుంది తప్పకుండా.
చిలపకి ఇంతని నిజం చెప్పానో,
ఆ దవడ తిన్నగా పిల్లి ముందు పడుతుంది.

అందుకని నోరు మూసుకుంటాను.
దీపం కాస్త ఇటు జరిపితే చాలు,
ఆమె బొటనవేలు చూసి వచ్చేస్తాను.
చేపనూనె మెరుస్తూ, సుడి మీద సుడి,
వరద తీసిన ఇసకలో మిగిలిన అలల్లా
ఆ రోజుకింకా
గీతలన్నీ ఉంటాయి.